అవ్వ కొంగు పట్టిన ఆదివారం

మొన్న మా చర్చి ఆడవాళ్ళు కదిరి అవతల ఒక పల్లెలో బియ్యం సంచులు పంచారు. నన్నూ వెంట తీసుకుపోయారు. తెల్లజుట్టుది ఒకతి ముందు నిలబడితే ఫోటో నిండుగా ఉంటుందని కాబోలు. వెనక ఫ్లెక్సీ, పక్కన మైకు, ఎదురుగా అన్నీ ఫోన్లే. సాయంత్రానికల్లా ఆ ఫోటో మా ఇంటికి వచ్చేసింది. నా మనవరాలు దాన్ని వేళ్ళతో సాగదీసి చూసి, "అవ్వా, అందరూ నవ్వుతాండారు. సంచి తీసుకునే ఆమె ఏమిటికి నేల చూస్తాంది?" అని అడిగింది.

"ఎండ కంట్లో పడింటుందిలే," అన్నాను.

పిల్ల నమ్మలేదు. పొయ్యి మీద పాలు ఉన్నాయని చెప్పి వంటింట్లోకి పోయి, లేని పాల ముందు కాసేపు కూర్చున్నాను. ఆ నేలచూపు నాకు కొత్తది కాదు. చిన్నప్పుడు మా గుడిలో, అంటే మా పాత చర్చిలో, చూశాను. ఒక కరువు ఏడు మా ఇంట్లోనే చూశాను.

మా పేట ఊరికి పడమర, గుట్ట కింద ఉండేది. ఎర్ర నేల, దాని నిండా గులకరాళ్ళు. విత్తేది చెనక్కాయ, అదే వేరుశనగ, తినేది జొన్న, కొర్ర, రాగి. బియ్యం అంటే చౌక దుకాణం ముతక బియ్యమే, అది కూడా సంగటిలోకే. పొయ్యిలో చెనక్కాయ పొట్టు పోసి ఊదేవాళ్ళు. ఆ పొగ కళ్ళు మండిస్తుంది, అయినా కమ్మగా ఉంటుంది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు వేడి సంగటి, దాని నడుమ గుంట చేసి పెట్టిన ఊరిబిండి పచ్చడి గుర్తుకు వచ్చి, కడుపు నిండి ఉన్నా ఆకలేస్తుంది.

విత్తనాల కాలం వచ్చిందంటే ఆడవాళ్ళంతా మా వసారాలో చేరి కాయలు వలిచేవాళ్ళు. పిల్లలం సాయం చేస్తామని చేరేవాళ్ళం. మా సాయం ఎట్లాంటిదంటే, రెండు గింజలు గంపలోకి, ఒకటి నోట్లోకి. అందుకని మా అవ్వ వలిచినంతసేపూ మా చేత కీర్తనలు పాడించేది. భక్తి అనుకునేరు. పాడే నోరు తినలేదని. నేను ఒకసారి గింజలు దవడన దాచుకుని పాడబోతే గొంతుకు అడ్డం పడి, దగ్గుతో పాటు గింజలు కూడా బయటపడ్డాయి. "దేవుని పాటకు చెనక్కాయ తాళమా నీకు?" అని అవ్వ నా వీపు మీద ఒకటి వేసి, పడిన గింజలు కడిగి మళ్ళీ గంపలోనే వేసింది. విత్తనం అంటే ఆమెకు అంత లెక్క.

అవ్వ మా నాయన తల్లి. పొడుగు మనిషి, పెద్ద చేతులు, పండ్లు లేని దవడలు, తెల్ల చీర. ఇంట్లో ఆమె మాటే మాట. అయితే ఆ మాటలన్నిటికీ మూలం పొయ్యి పక్కన ఉండే ఒక చిన్న కుండ.

మా పేటలో ప్రతి ఇంట్లోనూ అట్లాంటిది ఒకటి ఉండేది. దేవుని కుండ అనేవాళ్ళం. వంటకు గింజలు కొలిచాక, ఎసట్లో పోసే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేయాలి. కొలిచాక తీయాలి, కొలవకముందు కాదు. ఈ తేడా అవ్వకు ప్రాణం. మా అమ్మ ఒకసారి తొందరలో బానలోంచి నేరుగా పిడికెడు తీసి కుండలో వేస్తే, అవ్వ దాన్ని బయటికి తీయించింది. "బానలోది తీస్తే ఎవరికి తగ్గింది? కొలిచిన దాంట్లో తీస్తే మన కడుపుకు తగ్గుతాది. తగ్గినట్ల తెలియల్ల. తెలియకపోతే అది ఇచ్చినట్ల కాదు," అన్నది.

ఆదివారం ఆ గింజలు గుడ్డలో మూటకట్టుకుని గుడికి పోయేవాళ్ళు. మాది రేకుల కప్పు గుడి. ఎండాకాలం పాస్టరయ్య ప్రసంగం కన్నా రేకుల చిటపటలే ఎక్కువ వినిపించేవి. ఆరాధన అయ్యాక సంఘపెద్ద లేచి, ఆ వారం పొయ్యి వెలగని ఇల్లు ఏదో ఆ ఇంటి పేరు పిలిచేవాడు. ఆ ఇంటి ఆడమనిషి ముందుకు వచ్చి కొంగు పట్టి నిలబడుతుంది. మిగతా ఆడవాళ్ళు వరసగా పోయి మూటలు విప్పి ఆ కొంగులో పోస్తారు. పోసిన ప్రతి ఒక్కరికీ ఆమె "దేవుడు నిన్ను దీవించనీ" అనాలి. తీసుకునేది ఆమె, దీవించేదీ ఆమే. ఎప్పుడు ఎవరు పెట్టారో తెలియదు కానీ ఆ పద్ధతి తప్పేది కాదు.

ఎక్కువసార్లు పిలిచే పేరు తూర్పింటి పెద్దమ్మది. ఆమె మొగుడు ఎవరిదో బావి తవ్వుతుండగా మట్టిపెళ్ళ విరిగి మీద పడి చనిపోయాడు. పిల్లలు లేరు. కూలి దొరికిన వారం కొంగు పట్టేది కాదు, దొరకని వారం పట్టేది. కొంగు పట్టినప్పుడు తలెత్తేది కాదు. దీవెన కూడా గొంతులోనే గొణిగేది. మేము ఇసుకతో గుడి ఆట ఆడుకునేటప్పుడు ఒకరు పెద్దమ్మ అయ్యి, లంగా పట్టి, గడ్డం రొమ్ముకు ఆనించి గొణగాలి. ఎవరు బాగా గొణిగితే వాళ్ళకు అంత నవ్వు.

మా అవ్వ మూట అన్నిటికంటే పెద్దది. వరసలో ముందు నిలబడేది. పోసేది, "ఆమెన్" అనేది, నిటారుగా వెనక్కి వచ్చేది. అట్లా వస్తున్నప్పుడు ఆమె మనవరాలినని నాకు భలే గర్వంగా ఉండేది.

ఆ ఏడు మొదటి వాన పడింది. పడకపోయినా బాగుండేది. ఆ వాన నమ్మి అందరూ విత్తారు. మొలక వచ్చింది, ఆకు వచ్చింది, పసుపుపచ్చ పూత కూడా వచ్చింది. ఆ తరువాత ఆకాశం మూతపడింది. పూత తరువాత మొక్క నుంచి సన్నటి ఊడలు మట్టిలోకి దిగాలి, దిగితేనే కాయ. మట్టి పెంకులాగా గట్టిపడి ఊడలను దిగనియ్యలేదు. మా నాయన గట్టు మీద గొంతుక్కూర్చుని ఆ ఊడలను చూసేవాడు. అవి మట్టిని తాకి, వంగి, ఎండిపోయేవి. మనిషి చేయగలిగింది ఏమీ లేదు. కొన్నాళ్ళకు నాయన మొక్కలను పీకి ఎద్దులకు వేశాడు. మరికొన్నాళ్ళకు ఎద్దులను సంతకు తోలుకుపోయాడు. ఒట్టి పలుపుతాళ్ళు భుజాన వేసుకుని తిరిగి వచ్చి, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు వాకిట్లో చాలాసేపు నిలబడ్డాడు.

బాన అడుగు కనపడసాగింది. అవ్వ మాత్రం కొలిచిన దాంట్లోంచి తన పెద్ద పిడికిలి నింపి దేవుని కుండలో వేస్తూనే ఉంది. మా అమ్మ ఓర్చుకుని ఓర్చుకుని ఒకరోజు నోరు తెరిచింది.

"తనకు మాలిన ధర్మం యాడైనా ఉండాదా అత్తా? పెట్టి పుట్టల్ల అంటారు. మనం పెడతానే ఉండాం. యాడ పుట్టినాం?"

"పెట్టేది పుట్టేదానికి కాదు," అన్నది అవ్వ.

అమ్మ మరుసటి రోజు నుంచి, "పాపకు ఇప్పుడే అలవాటు కావల్ల," అని నా చేత పిడికెడు వేయించసాగింది. నా పిడికిలి ఎంత? రేగుపండంత. అందులోంచి వేళ్ళ సందున జారిపోయేవి జారిపోగా కుండలోకి పడేవి కాసిన్ని గింజలే. నాకు మాత్రం పెద్దపని అప్పజెప్పారని మహా సంతోషం. అవ్వ పక్కనే కూర్చుని చూసింది. కోడలి ఎత్తు తెలియనంత అమాయకురాలు కాదు. నా తల నిమిరి, "పిడికిలి ఎంతుంటే అంతే," అన్నది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

పాస్టరయ్య ఆ రోజుల్లో బైబిల్లోని, కరువులో అడుగంటని పిండి కుండ కథ పదేపదే చెప్పేవాడు. నేను రోజూ పొద్దున్నే లేచి మా బానలోకి తొంగి చూసేదాన్ని. చెయ్యి పెట్టి తడిమితే మట్టి తగిలేది.

ఒక ఆదివారం సంఘపెద్ద లేచి మా ఇంటి పేరు పిలిచాడు.

ఆయన తప్పు లేదు. మా పొయ్యి వెలగడం లేదని పేటకంతా తెలుసు. పొగ రాని కప్పు దాగుతుందా? అవ్వ కదల్లేదు. చాప మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉండి, ఎదురుగా గోడను చూసింది. చివరికి మా అమ్మ లేచిపోయి కొంగు పట్టింది. ఆమె ఏమి గొణిగిందో ఎవరికీ వినపడలేదు. మా నాయన మగవాళ్ళ వైపు నుంచి లేచి, ప్రార్థన అయ్యేదాకా బయట నిలబడ్డాడు.

ఆ గింజలు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉన్నాయి. ఒక ఇంటి జొన్న, ఒక ఇంటి కొర్ర, ఒక ఇంటి చౌక బియ్యం, మరొకరివి నాలుగు సద్దలు. వేరుచేసే వీలు లేదు. అమ్మ అన్నీ కలిపే ఉడికించింది. బియ్యం జావ అయిపోయింది, కొర్ర ఉడికింది, జొన్న మాత్రం పంటికింద కరకరలాడింది. పైన ఉప్పు, చింతపండు నీళ్ళు. ఆకలి రుచి ఎరగదు అంటారు. అబద్ధం. ఆ రోజు నాకు ప్రతి గింజ రుచీ వేరువేరుగా తెలిసింది.

అవ్వ తినలేదు. "నేను ఉపవాసం ఉండా," అన్నది.

"ఏమిటికి మా?" అన్నాడు నాయన.

"వానకు."

మరునాడూ ఉపవాసమే. ఆ మరునాడూ అంతే. నీళ్ళు తాగేది, ఉప్పురాయి చప్పరించేది, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునేది. మాట పేటలో పాకింది. ముసలామె వాన కోసం కడుపు మాడ్చుకుంటోందని ఆడవాళ్ళు వచ్చి ఆమె పాదాల దగ్గర కూర్చుని ప్రార్థన చేశారు. పాస్టరయ్య వచ్చి, ఇంతటి విశ్వాసం తాను చూడలేదని కళ్ళు తుడుచుకున్నాడు. మగవాళ్ళు మా వాకిట్లోకి వచ్చి ఒకసారి అవ్వను, ఒకసారి ఆకాశాన్ని చూసి పోయేవాళ్ళు. ఎక్కడో ఒక మబ్బుతునక కనపడితే, "అవ్వ ప్రార్థన కదులుతాంది," అనుకునేవాళ్ళు.

మాకు మాత్రం అసలు సంగతి తెలుసు. అది వాన కోసం కాదు. ఇన్నేళ్ళు పెట్టిన చెయ్యి ఇంకొకరి పిడికెడు తినలేకపోతోంది. ఈ మాట మా నాయన ఎవరితో చెప్పగలడు? చెబితే తల్లి పరువు పోతుంది, చెప్పకపోతే తల్లి పోతుంది. ఒకరోజు గిన్నె పట్టుకుని ఆమె ముందు కూర్చుని, "ఒక ముద్ద మా. నా మీద ఒట్టు," అని చిన్నపిల్లవాడి మాదిరి ఏడ్చాడు. నాయన ఏడవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. అవ్వ కళ్ళు తెరవలేదు. ఆమె మణికట్టు నా వేళ్ళకు అందేంత సన్నబడింది. నేను దాన్ని పట్టుకుని కూర్చునేదాన్ని. వదిలితే ఎక్కడికో పోతుందని భయం.

అప్పుడు వచ్చింది తూర్పింటి పెద్దమ్మ.

ఎవరూ పిలవలేదు. ఆమె మా గడప లోపలికి రావడం నేను ఎరగను. ఎప్పుడు వచ్చినా వాకిట్లోనే నిలబడేది. ఆరోజు మధ్యాహ్నం ఎండలో వచ్చి, నేరుగా లోపలికి వచ్చి, అవ్వకు ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అక్కా, ఇది ఉపవాసం కాదు," అన్నది. "ఇది రోషం."

మా అమ్మ చేతిలో చెంబు అట్లాగే ఆగిపోయింది. అవ్వ కళ్ళు తెరిచింది.

"వాన కోసం అని ఊరంతా నమ్మినారు. నేను నమ్మల్యా. నాకు తెలుసు ఆ ముద్ద గొంతులో ఎట్ల అడ్డం పడతాదో."

అవ్వ గోడ వైపు తిరిగింది.

"ఇన్నేండ్లు నేను తింటి అక్కా. నీ ఇంటి గింజలే ఎక్కువ తింటి. నాకు సిగ్గు లేదనుకున్యావా?"

ఆ మాట గట్టిగా అనలేదు. సంగతి చెప్పినట్టు చెప్పింది. అవ్వ ముఖం మాత్రం కొట్టినట్టు అయిపోయింది. ఏదో అనబోయి, నోరు తడి లేక, అమ్మ ఇచ్చిన నీళ్ళు తాగి అన్నది.

"నేనెప్పుడైనా నిన్ను ఒక మాట అంటినా మే?"

"అన్లేదు. అంటే బాగుండు. పోస్తివి, పోతివి. యా పొద్దూ నా మొగం చూడల్యా. నేను నేల చూస్తాంటి. నువ్వు గోడ చూస్తాంటివి."

బయట ఎవరిదో మేక అరుస్తోంది. అవ్వ కళ్ళలోంచి నీళ్ళు రాలేదు. ఒంట్లో నీళ్ళు ఉంటే కదా.

"మరి ఎట్ల తింటివి మే, అన్నేండ్లు?" అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఎట్ల తినేది? ఆకలయ్యింది, తింటి."

పెద్దమ్మ గిన్నె అందుకుంది. జావలోంచి జొన్న గింజలు ఒక్కొక్కటే ఏరి తన నోట్లో వేసుకుని, మెత్తటిది మిగిలించి అవ్వ నోటికి పెట్టింది. అవ్వ తిన్నది. ఆ ముద్ద దిగేదాకా మేమందరం ఆమె గొంతు వైపే చూశాము. మా నాయన మాత్రం బయటికి పోయి, కొట్టంలో ఎద్దులు లేని చోట నిలబడి భోరున ఏడ్చాడు.

ఉపవాసం ముగిసిందని పేటలో తెలిసింది. వాన రాలేదు కదా అని కొందరు మొహం వేలాడేశారు. ఒకరిద్దరు అవ్వ విశ్వాసం చాలలేదని కూడా అన్నారు.

ఆ ఆదివారం మళ్ళీ మా పేరే పిలిచారు. అమ్మ లేవబోతే అవ్వ ఆమె భుజం పట్టి ఆపి, తాను లేచింది. నిలబడడానికి ఆమెకు నా భుజం కావలసి వచ్చింది. ముందుకు పోయి కొంగు పట్టింది. చేతులు వణికి కొంగు జారిపోతుంటే రెండో కొస నన్ను పట్టుకోమన్నది.

మొదట వచ్చిన ఆమె సిగ్గుతో గబగబా పోసేసి పోబోయింది. "నిలబడమ్మే," అన్నది అవ్వ. తలెత్తి ఆమె ముఖం చూసింది. "నీ కొడుకు కాలు బాగు కానీ. దేవుడు నిన్ను దీవించనీ." తరువాతి ఆమెను చూసి, "మీ బావిలో ఊట పడనీ." ఇంకొకామెకు, "నీ బిడ్డకు పాలు రానీ." అట్లా ఒక్కొక్కరిని ఆపి, ముఖం చూసి, ఎవరికి ఏది కావాలో అది అడిగింది. ఎవరెవరి కష్టమేమిటో అంతా తెలుసు ఆమెకు. ఇన్నేళ్ళు చెప్పలేదంతే. ఆడవాళ్ళు ఏడుస్తూ పోశారు. వాళ్ళ ఇళ్ళలో మాత్రం ఏమున్నాయి? కొందరి మూటల్లో నా పిడికెడు కూడా లేదు.

వరస చివర తూర్పింటి పెద్దమ్మ నిలబడి ఉంది. ఆమె వరసలో నిలబడడం అదే మొదటిసారి. ఆ వారం ఎక్కడో రాళ్ళు కొట్టే పని దొరికిందట. గుడ్డ కొసన ముడి వేసుకున్న కొర్రలు విప్పి కొంగులో పోసింది.

అవ్వ ఆమె ముఖం చూసింది. నోరు తెరిచింది. మాట రాలేదు. అంతమందిని దీవించిన నోరు అక్కడ ఆగిపోయింది.

పెద్దమ్మ కదల్లేదు. తల ఎత్తి, అవ్వ కళ్ళలోకి చూస్తూ, "అను అక్కా," అన్నది. "అందరికీ నేనే అంటి ఇన్నేండ్లు. నాకెవరూ అన్లేదు. నాకు గూడా కావల్ల."

నేను కొంగు కొస గట్టిగా పట్టుకున్నాను. గింజల మీద టపటపా అవ్వ కన్నీళ్ళు పడ్డాయి. ఆమె అన్నది. ఏమి అన్నదో నాకు సరిగా వినపడలేదు, అంత ఏడుపులో ఉంది ఆ మాట. పెద్దమ్మకు వినపడింది. "ఆమెన్," అన్నది, అచ్చం మా అవ్వ లాగా నిటారుగా వెనక్కి నడిచి పోయింది.

ఆ ఏడు వాన రాలేదు. ఆ పిల్లవాడి కాలు బాగు కాలేదు, ఆ బావిలో ఊట పడలేదు. సగం పేట ఇళ్ళకు తాళాలు వేసుకుని బెంగళూరు వైపు పనులకు పోయింది. అవ్వ తరువాతి విత్తనాల కాలం చూడలేదు. ఆకలితో కాదు, వయసుతో అనేవాడు మా నాయన. నాకు తెలియదు. తూర్పింటి పెద్దమ్మ కూడా ఎక్కడికో కూలికి పోయి మళ్ళీ రాలేదు. ఇప్పుడు ఆ రేకులు లేవు, అక్కడ పెద్ద మందిరం ఉంది, ఎవరింట్లోనూ ఆ కుండ లేదు.

అవ్వ ఆరోజు అడిగిన దీవెనల్లో ఒక్కటీ మా పేటకు రాలేదు. ఈ సంగతి దేవుణ్ణి చాలాసార్లు అడిగాను, కోపంగా కూడా అడిగాను. ఆయన చెప్పలేదు. ఆ ఆడవాళ్ళు మాత్రం ఆ పై ఆదివారం కూడా మూటలు పట్టుకుని వచ్చారు. అవ్వ ముందు ఒక్కొక్కరే ఆగి, ముఖం ఎత్తి నిలబడ్డారు.